ఈజిప్టు దేవుళ్లు: లిస్టు పక్కన పెట్టండి, సూర్యుడితో మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. గేమ్‌లు, సినిమాలు చూసి ప్రాచీన ఈజిప్టు దేవుళ్ల మీద ఆసక్తి కలిగింది. నెట్‌లో దొరికిన పట్టికలు చదివితే తల తిరిగిపోయింది. ఒకచోట సృష్టికర్త అతుమ్ అంటారు, ఇంకోచోట ప్తాహ్ అంటారు. హోరస్ ఒకచోట సెత్‌కి అన్న, మరోచోట అన్నకొడుకు. రా ఎవరు, అమున్ ఎవరు, మళ్లీ ఈ అమున్-రా ఎవరు? ముఖ్యమైన దేవుళ్ల లిస్టు ఒకటి ఇచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

లిస్టు ఇవ్వను. ఇవ్వలేక కాదు, మిమ్మల్ని చిక్కుల్లో పెట్టింది ఆ లిస్టే కాబట్టి. "అనుబిస్: మృత్యుదేవత, థోత్: జ్ఞానదేవత, బాస్టెట్: పిల్లుల దేవత" అని శాఖలు పంచిన మంత్రివర్గంలా రాసుకుంటే నాలుగు పేజీలు చదివేసరికి ప్రతి వాక్యానికీ ఒక మినహాయింపు ఎదురవుతుంది. దానికి బదులు రెండు కథలు, ఒక ఊరు పట్టుకోండి. ముఖ్యమైన దేవుళ్లంతా వాటిలోనే ఎదురవుతారు, అదీ వాళ్లు ఉండాల్సిన చోట.

ముందు, ఈ గందరగోళం ఎందుకు ఉందో చూద్దాం. ఈజిప్టు రాజ్యం ఒక్కటైంది సుమారు క్రీ.పూ. 3100లో. మనకు తెలిసినంతలో చివరి హైరోగ్లిఫ్ (ఈజిప్టువాళ్ల బొమ్మల లిపి) శాసనం ఫిలే ఆలయంలో చెక్కింది క్రీ.శ. 394 ఆగస్టు 24న. అంటే దాదాపు మూడున్నర వేల ఏళ్లు. ఇంత కాలంలో అందరూ ఒప్పుకుని తీరాల్సిన ఒకే మతగ్రంథం అక్కడ లేదు. ఊరూరా గుడి, గుడిగుడికీ పూజారులు, వాళ్ల దేవుడే మొదటివాడని చెప్పే స్థలపురాణం. హీలియోపొలిస్‌లో అతుమ్ ఆదిజలాల్లోంచి తనంతట తాను పుట్టాడు. అతని నుంచి షూ, తెఫ్‌నూత్. వాళ్లకు భూమి గెబ్, ఆకాశం నూత్. వాళ్లకు ఒసైరిస్, ఐసిస్, సెత్, నెఫ్తిస్. ఈ తొమ్మిదిమందినీ కలిపి నవదేవతాగణం అనుకోండి. దక్షిణాన ఎలిఫంటైన్‌లో పొట్టేలు తల ఖ్నూమ్ కుమ్మరి సారె మీద మనుషుల్ని చేస్తాడు. మెంఫిస్‌లో ప్తాహ్ మనసులో తలచి, నోటితో పలికి లోకాన్ని సృష్టించాడు. అతుమ్ కూడా ఆ పలుకు వల్లే వచ్చాడన్నది మెంఫిస్ పూజారుల మాట.

ఈ మెంఫిస్ కథ మనకు దొరికిన తీరు కూడా బావుంటుంది. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో షబాకా అనే రాజు, ప్తాహ్ గుడిలో పురుగులు తిన్న పాత ప్రతి ఒకటి దొరికిందని చెప్పి, దాన్ని నల్లరాతి మీద చెక్కించాడు. నిజంగా పాతదో, పాతదనం కోసం అలా చెప్పుకున్నాడో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తర్వాతి కాలంలో ఎవరో ఆ రాయికి నడుమ చదరపు రంధ్రం తొలిచి, చుట్టూ గాడులు కొట్టి, వేరే పనికి వాడుకున్నారు. సృష్టి కథలో కొన్ని వరుసలు అలా పోయాయి. మిగిలింది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కాబట్టి "ఎవరు కరెక్ట్?" అని టెన్షన్ పడకండి. ఏదైనా వాక్యం చదివినప్పుడు "ఇది ఏ ఊరి మాట, ఏ కాలం మాట?" అని అడగండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ఇక మొదటి కథ, సూర్యుడిది. పొద్దున్న పుట్టే సూర్యుడు ఖెప్రి, అంటే పేడపురుగు రూపం. పురుగు ఉండను దొర్లించుకుంటూ పోయినట్టు సూర్యబింబాన్ని ముందుకు తోస్తాడు. నడినెత్తికి వచ్చేసరికి రా, డేగ తల. సాయంత్రానికి ముసలి అతుమ్. ముగ్గురా, ఒకడా అంటే, రెండూ నిజమే. రాత్రికి ఆకాశదేవత నూత్ అతన్ని మింగుతుంది, తెల్లవారుజామున మళ్లీ కంటుంది. రాజుల లోయలో ఆరో రామ్సెస్ సమాధి పైకప్పు నిండా పొడుగ్గా సాగిన నూత్ ఒళ్లు, ఆ ఒంట్లోంచి వరుసగా సాగే ఎర్రటి సూర్యబింబాలు కనిపిస్తాయి. ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడండి.

రాత్రి సంగతి ఇంకోలా కూడా చెబుతారు: పన్నెండు గంటలూ అతను పాతాళంలో పడవ మీద ప్రయాణిస్తాడు. అపెప్ అనే మహాసర్పం దారి కాస్తుంది. పడవ ముందు నిలబడి ఈటెతో ఆ పామును పొడిచేది ఎవరో తెలుసా? సెత్. మీ గేమ్‌లో విలన్‌గా చూసిన సెత్తే. నడిరాత్రి సూర్యుడు ఒసైరిస్ దేహంతో ఏకమవుతాడు, దాంతో మళ్లీ ప్రాణం పుంజుకుంటాడు. నెఫర్తారి రాణి సమాధిలో దీన్ని ఒకే బొమ్మగా గీశారు. పొట్టేలు తల, మమ్మీ ఒళ్లు, అటూ ఇటూ పట్టుకుని ఐసిస్, నెఫ్తిస్. పక్కన ఇలా రాసి ఉంటుంది: ఒసైరిస్‌లో విశ్రమించేది రా, రాలో విశ్రమించేది ఒసైరిస్. ఇద్దరు దేవుళ్లు కలిసి ఒకరవడం, మళ్లీ విడిపోవడం వాళ్లకు వింతేమీ కాదు. అమున్-రా కూడా ఇలాంటి కలయికే. దాని సంగతి కింద చెబుతాను.

సూర్యుడు ఎంత గొప్పవాడైనా ముసలితనం తప్పలేదని చెప్పే కథ ఒకటి ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న పపైరస్‌లో (ఈజిప్టువాళ్ల రెల్లు కాగితం మీది రాతప్రతిలో) ఉంది. రా నోట్లోంచి చొంగ కారుతుంటుంది. ఐసిస్ ఆ ఉమ్మిని మట్టితో కలిపి పిసికి పామును చేసి, అతను నడిచే దారిలో పెడుతుంది. పాము కాటేస్తుంది. విషం దిగాలంటే నీ అసలు పేరు చెప్పమంటుంది. రా తెలివిగా "పొద్దున్న నేను ఖెప్రి, మధ్యాహ్నం రా, సాయంత్రం అతుమ్" అని బిరుదులన్నీ వల్లిస్తాడు. అవి కావు, అసలుది చెప్పు అంటుంది. నొప్పి భరించలేక చివరికి చెబుతాడు. ఆ పేరు మాత్రం పపైరస్‌లో రాయలేదు. ఈ కథ వినోదానికి రాసుకున్నది కాదు, తేలు కుట్టినవాళ్లకు విషం దించే మంత్రంలో భాగం. ఐసిస్‌ను "మాతృదేవత" అని ఒక్క ముక్కలో తేల్చేసే పట్టికలంటే నాకు పడనిది ఇందుకే. ఆమె అంతకంటే చాలా గడుసుది.

రెండో కథ ఒసైరిస్ కుటుంబానిది. ఒసైరిస్ రాజు. తమ్ముడు సెత్ చంపుతాడు. భార్య ఐసిస్, ఆమె చెల్లెలు నెఫ్తిస్ దేహాన్ని వెతికి కూడగడతారు. చనిపోయిన భర్త వల్లే ఐసిస్ హోరస్‌ను కంటుంది. ఒసైరిస్ మృతుల లోకానికి రాజవుతాడు. మొదట్నుంచీ చివరిదాకా వరుసగా ఈ కథ చెప్పింది ఈజిప్టువాడు కాదు, క్రీ.శ. 100 ప్రాంతంలో రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్. ఈజిప్టు రచనల్లో ఇది ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. హత్య సంగతైతే దాదాపు ఎప్పుడూ నేరుగా రాయరు. రాస్తే జరుగుతుందన్న భయం వాళ్లది.

తర్వాతి భాగం, అంటే రాజ్యం కోసం హోరస్, సెత్‌ల తగాదా మాత్రం క్రీ.పూ. 12వ శతాబ్దపు పపైరస్‌లో పూర్తిగా ఉంది. అది యుద్ధం కంటే కోర్టు కేసు. ఎనభై ఏళ్లు నడిచిందని అందులోనే రాశారు (మన సివిల్ దావాలు చూసినవాళ్లకు ఇది పెద్ద ఆశ్చర్యం కాకపోవచ్చు). న్యాయమూర్తులు నవదేవతలు. పెద్ద జడ్జి సూర్యదేవుడు. అతనేమో సెత్ బలవంతుడని అటే మొగ్గుతాడు. మధ్యలో ఒక చిన్న దేవుడు "నీ గుడి ఖాళీగా ఉంది, నిన్నెవరు పట్టించుకుంటారు" అనేస్తే పెద్దాయన అలిగి వెళ్లి వెల్లకిలా పడుకుంటాడు. కూతురు హాథోర్ వచ్చి నవ్విస్తే గానీ లేవడు.

ఐసిస్ ఉంటే వాదించనని సెత్ మొండికేస్తాడు. దాంతో విచారణ ఒక ద్వీపానికి మారుస్తారు. ఐసిస్‌లా కనిపించే ఏ ఆడమనిషినీ దాటించొద్దని పడవవాడికి ఆర్డరు. ఆమె ముసలమ్మ వేషంలో వచ్చి, రొట్టె ఇస్తానంటే వాడు ఒప్పుకోడు. బంగారు ఉంగరం ఇస్తానంటే ఎక్కించుకుంటాడు. ద్వీపంలో అందమైన పడుచు రూపంలో సెత్ కంట పడుతుంది. "నా భర్త పశువుల కాపరి, పోయాడు. కొడుకు ఆ పశువుల్ని చూసుకుంటుంటే పరాయివాడొచ్చి, నిన్ను తన్ని పశువుల్ని లాక్కుంటానంటున్నాడు" అని ఏడుస్తుంది. "కొడుకు బతికుండగా పరాయివాడికి ఎలా ఇస్తారు?" అంటాడు సెత్. వెంటనే ఐసిస్ గద్దగా మారి చెట్టెక్కి కూర్చుని, నీ తీర్పు నీ నోటితోనే చెప్పుకున్నావంటుంది. సెత్ ఏడుచుకుంటూ వెళ్లి జరిగింది సూర్యుడికి చెబితే, ఆయన కూడా "నిజమే కదా, నీకు నువ్వే తీర్పు చెప్పుకున్నావు" అంటాడు. పడవవాడికి మాత్రం కాలివేళ్లు నరికిస్తారు.

చివరికి రాజ్యం హోరస్‌కి వస్తుంది. సెత్‌ను చంపరు. సూర్యుడు తన దగ్గరే ఉంచుకుంటాడు, ఆకాశంలో ఉరమడం అతని పని. ఇందుకే సెత్‌ను సైతాను అనుకోవద్దంటాను. ఎడారి, తుపాను, పరదేశం, మొరటు బలం అన్నీ అతనే. ఆ బలం అవసరమైన చోట అతన్నే పిలుస్తారు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో సెతి అనే రాజు పేరే సెత్ నుంచి వచ్చింది. ఆ సెతి అబిడోస్‌లో ఒసైరిస్‌కు పెద్ద గుడి కట్టించాడు. హంతకుడి పేరు పెట్టుకుని హతుడి గుడి గోడల మీద సంతకం చేయడం ఇబ్బందే కదా. అందుకే అక్కడ రాజు పేరులోని సెత్ బొమ్మ తీసేసి వేరే గుర్తు వేశారు. క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో సెత్ మీద ద్వేషం పెరిగింది. చాలాచోట్ల అతని బొమ్మలు చెక్కి తీసేశారు కూడా. మీరు చదివిన రాక్షస సెత్ ఆ కాలపువాడు.

హోరస్ అన్నా, అన్నకొడుకా అన్నదానికి జవాబు: ఇద్దరు హోరస్‌లు. డేగ రూపపు ఆకాశదేవుడు చాలా పాతవాడు. కొమ్ ఓంబోలో పూజలందుకున్న పెద్ద హోరస్ ఒసైరిస్‌కి తమ్ముడు, సెత్‌కి అన్న. ఐసిస్ ఒడిలో పాలు తాగే హోరస్ ఒసైరిస్ కొడుకు. బతికున్న రాజు హోరస్, పోయిన రాజు ఒసైరిస్ అన్న సూత్రం ఒక్కటి గుర్తుంటే ఈ కథ రాజులకు ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. సింహాసనం ఎక్కిన ప్రతివాడూ ఆ కేసు గెలిచినవాడే.

చావు తర్వాతి విచారణ మీకు ఇప్పటికే తెలిసినట్టుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 'అని' అనే పేరుగల గుమాస్తా పపైరస్‌లో ఈ దృశ్యం స్పష్టంగా ఉంటుంది. తక్కెడలో ఒకవైపు గుండె, మరోవైపు మాత్ ఈక. మాత్ అంటే సత్యం, న్యాయం, లోకం సక్రమంగా నడవడం, అన్నీ కలిపి ఒక దేవత. నక్క తల అనుబిస్ మోకాళ్ల మీద కూర్చుని తూకం సరిచూస్తున్నాడు. అతను మృత్యువు కాదు, మృతదేహాన్ని భద్రం చేసే నిపుణుడు. కొంగజాతి పక్షి ఐబిస్ తలతో థోత్ రాసుకుంటున్నాడు. వెనకాల అమ్మిత్: మొసలి తల, సింహం ముందుభాగం, నీటిగుర్రం వెనకభాగం. గుండె బరువెక్కితే మింగడానికి సిద్ధం. నన్ను ఆకట్టుకునేది మంత్రం: "నా గుండె, నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు" అని సొంత గుండెనే బతిమాలుకోవడం. దాన్ని పేడపురుగు ఆకారపు రాతి మీద చెక్కి మమ్మీ రొమ్ము మీద పెట్టేవాళ్లు.

జంతువుల తలల గురించి ఒక్క మాట. దేవుడు నిజంగా అలా ఉంటాడని వాళ్లు అనుకోలేదు. థోత్ ఐబిస్, బబూన్ కోతి కూడా. హాథోర్ ఒకచోట ఆవు, ఒకచోట ఆవు చెవులున్న స్త్రీ, ఒకచోట మామూలు స్త్రీ. ఆ తల దేవుడి స్వభావానికి గుర్తు, అంతే.

ఇప్పుడు ఊరు. థీబ్స్, అంటే నేటి లక్సర్. అమున్ మొదట్లో పెద్దగా పేరు లేని దేవుడు. థీబ్స్ రాజులు దేశమంతా ఏలేసరికి వాళ్ల దేవుడూ పెద్దవాడయ్యాడు. సూర్యుడితో కలిసి అమున్-రా అయ్యాడు. యుద్ధాల్లో దోచిన సొమ్ములో వాటా కర్నాక్ గుడికి చేరింది. భార్య మూత్, కొడుకు ఖోన్సు. క్రీ.పూ. 1350 ప్రాంతంలో అఖెనాతెన్ వచ్చి అతెన్ అనే సూర్యబింబం తప్ప మరొకటి వద్దన్నాడు. రాజధాని మార్చాడు, గోడల మీద అమున్ పేరు చెక్కి తీసేయించాడు. అతని తర్వాత కొద్ది ఏళ్లకే కుర్ర రాజు తుతాన్‌ఖాతెన్ పేరు తుతాన్‌ఖామున్‌గా మారింది, పాత దేవుళ్లు తిరిగొచ్చారు.

గుడిలోపల రోజూ జరిగేది నిశ్శబ్ద వ్యవహారం. పూజారి గర్భగుడి తలుపు మీది మట్టిముద్ర పగలగొట్టి, విగ్రహానికి స్నానం, బట్టలు, పరిమళం, భోజనం సమర్పించి, బయటకొస్తూ తన అడుగుజాడలు ఊడ్చేసి తలుపు మూసేవాడు. ఆ భోజనం తర్వాత పూజారులు పంచుకునేవారు. జనానికి లోపలికి ప్రవేశం లేదు. దేవుడే పండుగలకు పడవ ఆకారపు పల్లకిలో, తెరచాటున బయటికి వచ్చేవాడు. అప్పుడు ప్రశ్నలడిగేవాళ్లు. పల్లకి ముందుకు కదిలితే అవును, వెనక్కి జరిగితే కాదు.

మరి మామూలు మనిషి ఎవరికి మొక్కాడు? దీనికి నది అవతలి దెయిర్ ఎల్-మదీనా చూడాలి. రాజుల సమాధులు తవ్వి, బొమ్మలు వేసిన పనివాళ్ల పల్లె అది. మీరు ఒక్కచోటే ఎక్కువసేపు గడపాలనుకుంటే ఇక్కడే గడపండి. వాళ్ల ఇళ్లలో అమున్ కంటే బెస్ ఎక్కువ కనిపిస్తాడు: పొట్టివాడు, సింహం జూలు, బయటపెట్టిన నాలుక, చూస్తే నవ్వొచ్చే మొహం. దుష్టశక్తుల్ని బెదరగొట్టి తల్లినీ బిడ్డనీ కాపాడతాడు. మంచం కోళ్ల మీద, తలదిండు పీటల మీద అతనే. తోడుగా కడుపుతో నిలబడ్డ నీటిగుర్రం దేవత తావెరెట్. పల్లె వెనక కొండశిఖరమే మెరెత్‌సెగెర్ అనే నాగదేవత. అక్కడి నెఫెరాబు అనే పనివాడి మొక్కుబడి రాళ్లు రెండు మిగిలాయి. ఒకదాంట్లో, మంచీ చెడూ తెలియని మూర్ఖుణ్ని, శిఖరదేవతకు అపచారం చేశాను, ఊపిరాడక ప్రసవవేదన పడే ఆడదానిలా ఇటుకల మీద కూర్చున్నాను, వేడుకుంటే చల్లటి గాలిలా వచ్చి కాపాడింది అంటాడు. ఇంకోదాంట్లో, ప్తాహ్ మీద అబద్ధపు ప్రమాణం చేశాను, పట్టపగలే నాకు చీకటి చూపించాడు అని లోకానికి చాటుతాడు. అదే పల్లెలో చనిపోయి దేవుడైన మొదటి అమెన్‌హోతెప్ రాజును ఊరేగిస్తూ, పెంకుల మీద రాసి అడిగిన చిన్న ప్రశ్నలు దొరికాయి. దొంగిలించింది ఇతనేనా, ఈ బేరం చేయొచ్చా, ఇలాంటివి. కొన్ని మొక్కుబడి రాళ్ల మీద బొమ్మలో దేవుడి కంటే చెవులే ఎక్కువ. దేవుడికి వినపడాలి కదా.

ఒక హెచ్చరిక. "ఒసైరిస్ అంటే యముడు, రా అంటే రాముడు, రామ్సెస్ మనవాడే" లాంటి వాట్సాప్ ఫార్వర్డ్‌లు మీకూ వచ్చి ఉంటాయి. పట్టించుకోకండి. ఒసైరిస్ తానే చంపబడి తిరిగి లేచినవాడు, పంట మొలకకు కూడా అతనే ప్రతీక. అతన్ని యముడనుకున్న క్షణం నుంచి అసలు ఒసైరిస్ మీకు కనపడడు.

హైదరాబాద్ దగ్గర్లో ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నిజాంల కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ ఒకటుంది, వెళ్లి చూడండి. ఇలాంటి చోట్లా, ఫొటోల్లోనూ దేవుళ్లను గుర్తుపట్టాలంటే ముఖం కాదు, తల మీద ఏముందో చూడాలి. ఈక ఉంటే మాత్ లేదా షూ. ఆకుపచ్చ ముఖం, తెల్ల కిరీటం, చేతిలో కొంకి కర్ర ఉంటే ఒసైరిస్. రెండు పొడుగు ఈకల కిరీటం ఉన్న మనిషి ముఖమైతే చాలావరకు అమున్. తల మీద సింహాసనం ఉంటే ఐసిస్. కొమ్ముల మధ్య సూర్యబింబం ఉంటే మాత్రం తొందరపడకండి. అది హాథోర్ కావచ్చు, ఆమె కిరీటాన్ని తర్వాతి కాలంలో పెట్టుకున్న ఐసిస్ కూడా కావచ్చు. అప్పుడు పక్కన రాసిన పేరే దిక్కు. సింహాసనం గుర్తుంటే ఐసిస్, చదరపు గడిలో డేగ కూర్చుని ఉంటే హాథోర్.